నిలిచిన బండికి కప్పు

వస్తువులను కప్పియుంచుట గృహిణి నిత్యము చేయు పనులలో నొకటి. పాలగిన్నెకు మూత, ఊరగాయజాడీకి వాసెన, ఆరబోసిన ధాన్యమునకు బరకము - దేనికి ఎట్టి కప్పు తగునో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. వేడి పాలపై మూతను ఓరగా నుంచుదుము. చీమయు దుమ్మును పోకుండ, లోపల చెమ్మ నిలువకుండ, జాడీమూతికి గుడ్డతో వాసెన కట్టుదుము. అన్నము చల్లారకముందే క్యారియరులో బిగించిన చెమర్చి పాచిపోవునని చిన్నపిల్లలకు సైతము తెలియును. కాని వాకిట నిలిచిన ప్రయాణపుబండి మాట వచ్చినప్పుడు మాత్రము, "అది మగవారి వ్యవహారము" అని ఊరకుందుము. అట్లు ఊరకుండుట వలన మా ఇంట కలిగిన నష్టమును, దానివలన మేము నేర్చుకొన్న పాఠమును ఇక్కడ మనవి చేయుచున్నాము.

మా జంగారెడ్డిగూడెమున, పరిసర గ్రామములందును, పిల్లలు అమెరికాలోనున్న కుటుంబములు పెక్కు కలవు. తల్లిదండ్రులు వారిని చూడబోయినచో ఆరేసి నెలలు అక్కడనే యుందురు. అంతకాలమును ఇక్కడి కారు వాకిటనో, పెరటిలోనో కదలక నిలిచియుండును. అక్కడి పిల్లల యింట దీనికి సరిగా ఎదురుగానుండు సమస్య యొకటి కలదు. కారు వెనుక తగిలించుకొని పోవు చక్రముల యిల్లు, ట్రావెల్ ట్రైలరు అనునది, ఆ దేశమున పలువురు కొనుచున్నారు. అందు పడకయు, వంటగదియు, స్నానపుగదియు నుండును. వేసవిలో కొన్ని వారములు దానిలో తిరిగి, చలికాలమంతయు దానిని మూలనుంచుదురు. మా అమ్మాయి యింటను అట్టిది యొకటి యున్నది. "అమ్మా, దీనికి ఏ కప్పు కొనమంటావు?" అని అది మమ్మడిగినప్పుడు, మేము జంగారెడ్డిగూడెపు కారుతో పడిన అవస్థయే మాకు జ్ఞప్తికి వచ్చినది.

2023వ సంవత్సరము జూన్ మాసమున మేము అమెరికాకు బయలుదేరితిమి. అత్తగారు మా మరిదిగారి యింట నుండిరి. పోవుటకు ముందు రోజు కారును కడిగించి, ఆ తడి ఆరకమునుపే, మొక్కజొన్నరాశులపై కప్పు నీలిరంగు బరకమును దానిపై నేలవరకు దించి, పురికొసతో నలువైపుల బిగించితిమి. గాలి గూడ దూరదని సంతోషించితిమి. మా తెలివితక్కువ అంతయు ఆ సంతోషములోనే యున్నది.

నైరుతి వానలు వచ్చినవి, పోయినవి. అటుపిమ్మట డిసెంబరు 5వ తేదీన బాపట్లదగ్గర తీరము దాటిన మిచాంగ్ తుపాను మా ప్రాంతమును గూడ తడిపినది. ఆ మాసాంతమున మేము తిరిగివచ్చి బరకమును విప్పితిమి. ఎండ తగిలిన పైభాగము అప్పడమువలె పెళుసై చేతిలో విరిగినది. లోపల ఆసనములపై తెల్లని బూజు, తలుపు తీయగనే ఊపిరాడని వాసన. ఎలుకలు తీగెలను కొరికి, ఇంజనుపై గూడు కట్టినవి. గాలికి బరకము కొట్టుకొన్న చోట్ల రంగు మాసిపోయినది. మరమ్మతునకైన పైకముతో మంచి కప్పులు నాలుగు వచ్చియుండును.

పైకము పోయిన విచారము కొన్నాళ్ళలో తీరును. అంతకంటె నెక్కువైనది వేరొకటి జరిగినది. మా అత్తగారు ఉబ్బసము గలవారు. వారము దినముల తరువాత వారిని ఏలూరు వైద్యునియొద్దకు ఆ కారులోనే తీసికొనిపోతిమి. ఆసనములను తుడిచితిమిగాని బూజు లోపలి దూదిలో నుండెను. కామవరపుకోట దాటకమునుపే వారికి దగ్గు పట్టినది. ఊపిరి అందక చేతులు నులుముకొనసాగిరి. అద్దములన్నియు దించి, చెట్టునీడన బండినాపి, పీల్చు మందిచ్చి, గంటసేపు కూర్చుంటిమి. బూజుకణములు ఉబ్బసము గలవారికి ఎంత కీడు చేయునో మాకానాడు తెలిసినది. "బండికి ఊపిరాడకుండ కట్టితిరి, అది నా ఊపిరి పట్టినది" అని తరువాత వారు నవ్వుచు ననిరి. ఆ మాట మేము మరువలేదు.

ఇంతకును బరకము లోనికి వాన పోలేదే, తడి ఎక్కడినుండి వచ్చినది? కారణము సులభమైనది. 30 డిగ్రీల వేడిమిగల గాలి, ఘనమీటరునకు సుమారు 30 గ్రాముల నీటియావిరిని మోయగలదు. అదే గాలి రాత్రివేళ 24 డిగ్రీలకు చల్లబడినచో సుమారు 22 గ్రాములకంటె మోయజాలదు. వానకాలమున గాలి నిండుగా ఆవిరితోనుండును గాన, మిగిలిన 8 గ్రాములు చల్లని రేకుపైనను, బరకము లోపలివైపునను బొట్లుగా నిలుచును. దీనికి తోడు, నానిన నేల పగలంతయు ఆవిరిని పైకి పంపుచునే యుండును. నేలవరకు దించిన బరకము ఆ యావిరిని పట్టి బండికే అప్పగించును. మూతపెట్టిన ఇడ్లీపాత్రలో మూతనుండి నీరు కారుట మనమెరిగినదే గదా! ఇట్లు ప్రతిదినమును జరిగినచో, బూజునకు కావలసిన చెమ్మ కొరతపడదు. కావున బండికప్పునకు రెండు ధర్మములుండవలెను: పైనుండి నీటిని రానీయరాదు, లోపలి ఆవిరిని నిలువనీయరాదు. మొదటిదానిని అందరును చూతురు, రెండవదానిని మరతురు.

ఆలోచించి చూడగా మన పెద్దలీ రహస్యము నెరిగినవారే. మోటారులు రాకమునుపు గృహస్థుల ప్రయాణములకు గూడుబండి యుండెడిది. వెదురుబద్దలు వంచి, వానిపై చాప కప్పి గూడు కట్టెడివారు. వాన పైనుండి జారిపోయెడిది. గాలి అల్లికలోనుండి మెల్లగా తిరుగుచుండెడిది. పని లేనప్పుడు బండిని తాటాకుపాకలో నుంచెడివారు. పాకకు పైకప్పేగాని చుట్టును గోడలుండెడివి కావు.

మా మెట్టప్రాంతపు పొగాకురైతును చూడుడు. జంగారెడ్డిగూడెమునను, కొయ్యలగూడెమునను పొగాకుబోర్డువారి వేలకేంద్రములు కలవు. అచటికి వచ్చు వర్జీనియా పొగాకు బేళ్ళను గోనెగుడ్డతో చుట్టుదురు. చెమ్మతో నున్న ఆకును గాలి చొరకుండ మూసిన బూజు పట్టి ధర పోవునని రైతున కెరుకయే. తాడేపల్లిగూడెపు ఉల్లిబజారులో ఉల్లిని గాలియాడు సంచులలోనే దింపుదురు. మూసిన ప్లాస్టిక్కు సంచిలో నుంచిన కుళ్ళును. ఆకునకును, ఉల్లికిని తెలిసిన ధర్మము మా కారు విషయమున మాకు తోచకపోయినది!

ఇక అంగడిలో దొరకు గుడ్డల గుణములు వివరింతుము.

మొదటిది బరకము. పాలిథీన్ దారములను నేసి, రెండువైపుల అదే పదార్థపు పొరను వేసినది. నేసిన పాలిథీన్ బరకములకు ఐ.ఎస్. 7903 అను భారతీయ ప్రమాణము కలదు. కొనునపుడు ఆ గుర్తును చూడవచ్చును. చవక, తేలిక, ధాన్యపురాశిని కొన్ని గంటల వాననుండి కాపాడుటకు దీనికి సాటిలేదు. కాని ఆవిరి దీనిగుండ పోదు. ఎండకు తట్టుకొను మందు కలుపనిది త్వరలోనే పెళుసెక్కును. "ఇన్ని జీఎస్ఎం" అని అంగడివారు చెప్పునది చదరపుమీటరు గుడ్డ యొక్క బరువు గ్రాములలో. బరువెక్కువైన బలమెక్కువ కావచ్చునుగాని, గాలి యాడునని అర్థము కాదు. బరకమును పందిరివలె బండికి పైన ఎత్తున కట్టుడు, బండికి చుట్టవలదు.

రెండవది కిత్తానగుడ్డ, అనగా కాన్వాసు. నూలుదారము తడిసినపుడు ఉబ్బి సందులు మూసికొనును. ఎండినపుడు మరల సందులు తెరచుకొని గాలి నిచ్చును. గుణము మంచిదే. కాని బరువు మిక్కుటము. తడిగా మడిచినచో గుడ్డకే బూజు పట్టి చివికిపోవును. తరచుగా విప్పి ఆరవేయువారున్నచో దీనిని వాడవచ్చును.

మూడవది పాలియెస్టరు గుడ్డ. లోపలివైపు నీరంటని పూత యుండును. పాలిథీనుకంటె ఎండకు మెరుగుగా ఓర్చును, తేలికగా మడవవచ్చును. పూతవలన గాలి తక్కువగా యాడును గాన, ప్రక్కలయందు గాలికిటికీలు కుట్టినదానినే కొనవలెను. ఆ కిటికీలపై వాన పడకుండ చిన్న చూరుండవలెను.

నాలుగవది నేయని పాలీప్రొపిలీన్ గుడ్డ. మూడు నాలుగు పొరలుగా నుండును. నడిమి పొరలో కంటి కగపడని రంధ్రములుండును. నీటిబొట్టు దానిలో పట్టదు, ఆవిరి మాత్రము వెలికి పోవును. లోపలి పొర మెత్తగానుండి రంగును గీయదు. చెమ్మ విషయమున ఇదియే మేలు. కాని ఎండకు దీని ఓర్పు తక్కువ. వేసవిలో 40 డిగ్రీలు దాటు మా ప్రాంతమున నీడ లేనిచోట ఎక్కువ కాలము నిలువదు. అందువలననే పెద్ద ట్రైలరు కప్పులు చేయువారిలో పలువురు పైభాగమునకు గట్టిగుడ్డను, ప్రక్కలకు ఈ గాలియాడు గుడ్డను కలిపి కుట్టుచున్నారు.

ఐదవది రంగును దారములోనే కలిపి నేసిన ఆక్రిలిక్ గుడ్డ. ఎండకు చక్కగా ఓర్చును, గాలి నిచ్చును. ధర ఎక్కువ. దీనిపై నీరు నిలువ నీయక వాలుగా కట్టవలెను.

పొట్లముపై వ్రాసిన పొగడ్తలను నమ్మక ఇంటనే పరీక్షింపవచ్చును. ఒక గిన్నెలో వేడినీరు పోసి, గుడ్డముక్కను మూతిపై బిగించి, దానిపై చల్లని స్టీలుపళ్ళెమును కొంచెమెత్తున పట్టుడు. పళ్ళెమున కావిరి పట్టిన గుడ్డకు ఊపిరి కలదు. ఇక ఆ గుడ్డనే దోసిలివలె చేసి చన్నీరు పోసి అరగంట యుంచుడు. అడుగున బొట్లు రానిచో వానకు నిలుచును. రెండు పరీక్షలలోను నెగ్గినదే మన గుడ్డ. అంగడివాడు ముక్క ఈయనన్నచో, కప్పుతోవచ్చు సంచి సామాన్యముగా ఆ గుడ్డతోనే కుట్టబడి యుండును, దానితో పరీక్షింపుడు.

గుడ్డ యెంత మంచిదైనను కొలత సరిగాలేనిచో వ్యర్థము. వదులైన కప్పు గాలికి కొట్టుకొనుచు, మధ్యనున్న దుమ్ముతో రంగును రుద్దును. బిగుతైనది మూలలయందు చినుగును. పొడవు, వెడల్పు, ఎత్తు స్వయముగా టేపుతో కొలువుడు. ట్రైలరు విషయమున మరింత జాగ్రత్త యవసరము. కారునకు తగిలించు ముందరి కాడిని కొందరు పొడవులో చేర్చి చెప్పుదురు, కొందరు చేర్చరు. కాడితోను, కాడి లేకయు రెండు కొలతలు వ్రాసికొనవలెను. పైకప్పుమీది చల్లదనపు యంత్రమును ఎత్తులో చేర్చవలెను. తలుపు వైపున జిప్పు ఉన్నచో కప్పంతయు తీయకుండ లోనికి పోవచ్చును. కప్పు అంచు నేలకు జానెడైనను ఎత్తున నుండవలెను. వాడి మూలలపై పాత నూలుచీరె మడతలు చుట్టి కప్పినచో గుడ్డ చినుగదు.

పైన గుంటపడి నీరు నిలువరాదు. మీటరు పొడవు, మీటరు వెడల్పుగల గుంటలో అయిదు సెంటీమీటర్ల నీరు నిలిచిన 50 లీటర్లు, అనగా 50 కిలోల బరువు! అంత బరువును మోయుటకు కుట్లు పుట్టలేదు. నడుమ వెదురు వాసమొకటి ఎత్తుగా నిలిపిన నీరు రెండువైపుల జారిపోవును.

కప్పుటకు ముందు చేయవలసిన పనులే సగము రక్షణ. బండిని కడిగి రెండు దినములు తలుపులు తెరచి ఎండనీయుడు. పిల్లలు తిన్న జంతికల ముక్కలు, చాకొలెట్టు కాగితములు సందులలో లేకుండ ఊడ్చుడు. ఎలుకను పిలుచునవి అవియే. బ్యాటరీ తీగెను మెకానిక్కుచేత ఊడదీయించుడు. చక్రముల క్రింద పలకలుంచి, ఎండ తగులకుండ వానికి వేరుగా గుడ్డ తొడుగుడు. ట్రైలరు పైకప్పు అతుకులలో చీలిక యున్నచో ముందు దానిని మూయించుడు. కప్పు కారుటను దాచునుగాని మాన్పదు. మంచుపడు దేశముననున్న పిల్లలకు మరియొక మాట: గొట్టములలోని నీటిని పూర్తిగా దింపవలెను. నీరు గడ్డకట్టినపుడు నూటికి సుమారు తొమ్మిది వంతులు పెరిగి గొట్టములను పగులగొట్టును. కప్పుపై పేరుకొన్న మంచును మెత్తని చీపురుతో దింపుచుండవలెను.

నిలుపు చోటును గూర్చియు యోచింపవలెను. కొబ్బరిచెట్టు క్రింద కాయ పడును, మామిడిక్రింద జిగురు కారును. పల్లపునేల అసలే పనికిరాదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినప్పుడు ఇండ్లముందరి బండ్లెన్నియో మునిగిపోయినవి. ఆ బుడమేరే వచ్చి కలియు కొల్లేటి చుట్టుప్రక్కల లంకలలో నున్నవారికి ఇది మరింత ముఖ్యము. క్రిందనుండి వచ్చు నీటికి ఏ కప్పును అడ్డము కాదు. మెరకచోటే దానికి మందు. తుపాను హెచ్చరిక వచ్చినచో త్రాళ్ళను సరిచూడవలెను. వదులుగానున్న కప్పు తెరచాపవలె గాలిని పట్టి బండికే చేటు తెచ్చును. బిగించుటకు వీలుకానిచో విప్పివేయుటయే మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరకు చెప్పుచున్నాము. ఎట్టి కప్పును తనంత తాను ఆరునెలలు కాపలా కాయజాలదు. నెలకు రెండు పర్యాయములు, వాన వెలిసి ఎండకాచిన పూట, కప్పు తీసి, తలుపులు తెరచి, రెండుగంటలు గాలి పోనీయవలెను. మేము ఇప్పుడు ఊరికి పోవునపుడు తాళపుచెవిని ప్రక్కింటి పిన్నిగారి చేతికిచ్చి పోవుచున్నాము. వారు తమ వడియములు ఆరబెట్టుకొను దినమున మా బండి తలుపులు గూడ తెరతురు. వడియములకు మంచి ఎండయైన, బండికిని మంచి ఎండయే యని వారి లెక్క. ఆ లెక్క తప్పినది లేదు.

చోటున్నవారు నాలుగు స్తంభములపై రేకుల పాక వేయించుకొనుట అన్నిటికంటె శ్రేష్ఠము. ప్రక్కలు తెరచి యుంచిన ఆ నీడలో పలుచని గాలిగుడ్డ యొకటి దుమ్మునకు కప్పిన చాలును. మేమును అట్లే చేసితిమి. ఆసనముల దూదిని మార్పించితిమి. ఈ సంవత్సరము వానకాలము ముగిసిన తరువాత తలుపు తీయగా లోపల ఏ వాసనయు లేదు. అత్తగారిని గుర్వాయిగూడెపు మద్ది ఆంజనేయస్వామి దర్శనమునకు అందులోనే తీసికొనిపోయితిమి. అద్దములు మూసికొనియే పోయి వచ్చిరి.

అమ్మాయికి మేము చెప్పిన సలహాయు ఇదియే: "పైన గట్టిగుడ్డ, ప్రక్కల గాలిగుడ్డ, గాలికిటికీలు గలది కొనుము. కొనుటకు ముందు వేడినీళ్ళ గిన్నెపై పరీక్షింపుము. ఎండకాచిన ఆదివారము పోయి ఒకమారు తలుపు తెరువుము." వాసెన కట్టుట తెలిసిన ఇల్లాలికి బండికప్పు నెన్నుకొనుట తెలియకపోదు. అడిగి కొనుటయే మిగిలియున్నది.